తిరిగి వెళ్ళి చూశారా?

(నల్లగొండలో వైద్య విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ఎదుట జనరల్ మెడిసిన్ అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టినది.)

అందరికీ నమస్కారం. తల్లిదండ్రులకు ప్రత్యేకంగా నమస్కారం. మునుగోడు నుంచి, దేవరకొండ నుంచి, అటు అచ్చంపేట నుంచి కూడా వచ్చారని చెప్పారు. సంతోషం. వెనుక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఇక్కడ నేనేమీ వైవా అడగను. రండి.

ఈ జిల్లాల్లో పుట్టిన పిల్లలు ప్రభుత్వ కళాశాలలో వైద్యం చదవాలంటే ఒకప్పుడు హైదరాబాదులో ఉస్మానియాకో గాంధీకో, లేదంటే వరంగల్ కాకతీయకో పోవాలి. మహబూబ్‌నగర్‌లో 2016లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2019లో నల్లగొండ, సూర్యాపేట. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్. దీనివల్ల సీట్లు పెరిగాయని అందరూ అంటారు, పెరిగాయి. నాకు అంతకంటే పెద్దదిగా కనిపించే మార్పు ఇంకొకటి ఉంది. మీరు ఇప్పుడు చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్న మనిషి మీ పక్క ఊరి మనిషి. రేపు సంతలో ఎదురుపడతాడు. మీరు చూసిన చూపు సరిగ్గా ఉందా లేదా అన్నది మీకు తెలియకుండా పోదు. నేను చెప్పబోయేదంతా దీనికి సంబంధించినదే.

వైద్య విద్యార్థికి బాధ్యత ఎప్పుడు మొదలవుతుంది? అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు. డిగ్రీ వచ్చాక, మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదయ్యాక. చట్టం లెక్కలో అది సరైన జవాబే. నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన పన్నెండు నెలల హౌస్ సర్జన్సీ. ఆ పన్నెండు నెలలు కూడా తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద, పెద్దల పర్యవేక్షణలోనే. కాబట్టి మూడో ఏడాది విద్యార్థి ఏమనుకుంటాడు? నిర్ణయాలు సార్‌వి, మేడమ్‌వి. నేను నేర్చుకోవడానికి వచ్చాను, చూసి పోతాను. పరీక్షకు ఒక కేసు దొరికితే చాలు.

నేను కాదంటున్నాను. మందు రాసే అధికారం మీకు లేదు, నిజమే. అయితే ఆ మందు ఎందుకు రాశారు? రోగి ఏదో చెప్పాడు, ఎవరో విన్నారు, ఎవరో కొలిచారు, ఎవరో కేస్ షీట్‌లో రాశారు. ఇవన్నీ కలిస్తేనే నిర్ణయం. చివరి సంతకం ఒకరిది. అందులో మీ వంతు ఎంతో మీకు తెలుసా? మొదటి ఏడాది నుంచే మీ వంతు ఉంది. ఇంకొక మాట కూడా అంటాను. సంతకంతో నిర్ణయం అయిపోదు. ఆ తర్వాత ఆ మంచం దగ్గరికి తిరిగి వెళ్ళి, మనం చేసింది పనిచేసిందా అని చూడాలి. చూసేదాకా అది సగం నిర్ణయమే.

ఇప్పుడు మొదటి ఏడాదిలోనే మిమ్మల్ని పల్లెకు పంపుతున్నారు కదా, కుటుంబ దత్తత కార్యక్రమం కింద. కొన్ని కుటుంబాలను మీకు అప్పగిస్తారు. ఒక ఇంట్లో అరుగు మీద పెద్దాయన కూర్చున్నాడు. మీరు బీపీ చూశారు. 180, కింద 110. లాగ్‌బుక్‌లో రాశారు. మేడమ్ సంతకం పెట్టారు. కళాశాల బస్సెక్కారు. లాగ్‌బుక్‌కు మంచి మార్కులు కూడా పడ్డాయి. మరి ఆ పెద్దాయన?

చేతులెత్తమని అడగను, ఎవరినీ ఇబ్బంది పెట్టను. మీలో మీరే అనుకోండి. ఆ అంకె మీ కళ్ళముందు పడిన క్షణం నుంచి అది మీది. ఆయనను ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెట్టి మళ్ళీ చూడాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, తలనొప్పి ఉన్నాయా అని అడగాలి. అదే రోజు, బస్సు కదలకముందే, మీతో వచ్చిన టీచరుకు చెప్పాలి. పల్లె దవాఖానాలో ఎవరిని కలవాలో పెద్దాయనకూ ఇంట్లో ఇంకొకరికీ అర్థమయ్యేలా చెప్పాలి. వీటిలో ఒక్కదానికీ డిగ్రీ అక్కరలేదు. మళ్ళీ నెల ఆ ఊరికి వెళ్ళినప్పుడు మొదట ఆ గుమ్మంలోకే వెళ్ళాలి. దవాఖానాకు వెళ్ళారా? మందు మొదలుపెట్టారా? తల తిరగడం తగ్గిందని ఆపేశారా? చాలామంది ఆపేస్తారు, అది మీకు తెలిసిందే.

మీలో రైతుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. రాత్రి కరెంటు వచ్చిందని మోటారు వేసి ఏ రైతయినా పడుకుంటాడా? బ్యాటరీ లైటు పట్టుకుని గట్ల వెంబడి నడిచి, చివరి మడిదాకా నీళ్ళు పారాయో లేదో చూసుకుంటాడు. మీ నాన్నలు చేసే పని అదే. మంచం దగ్గర మీరు చేయవలసిందీ అదే.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. కోపం తెచ్చుకోకండి. మీ అమ్మాయికి సీటు వచ్చిన రోజు నుంచి ఊరంతా ఆమెను డాక్టరమ్మ అంటుంది. మీకు గర్వంగా ఉంటుంది, ఉండాలి. తండా నుంచి మొదటిసారి ఒక బిడ్డ తెల్లకోటు వేసుకుంటే ఆ సంబరం చిన్నది కాదు. కానీ రెండో ఏడాది చదువుతున్న పిల్లకు చుట్టాలు రిపోర్టులు వాట్సాప్‌లో పంపి ఏ మాత్ర వేసుకోవాలని అడుగుతున్నారు. మీరేమో ఫోను చేతికిచ్చి, చెప్పు బిడ్డా, మీ పెద్దనాన్న అడుగుతున్నాడు, అంటున్నారు. ఆ పిల్ల ఏం చెప్పాలి? తెలియదంటే ఊళ్ళో చిన్నతనం. తెలుసంటే ప్రమాదం. దయచేసి వాళ్ళను ఆ ఇరుకులో పెట్టకండి. పిల్లలూ, మీరు కూడా ఒక వాక్యం అలవాటు చేసుకోండి: "పెద్దనాన్నా, నేను ఇంకా చదువుకుంటున్నాను. మీరు రేపు రండి, నేనే దగ్గరుండి చూపిస్తాను." చూడండి, ఇందులో తప్పించుకోవడం లేదు. దగ్గరుండి చూపించడం మందు చెప్పడం కంటే ఎక్కువ పని.

సరే, వార్డులోకి వద్దాం.

మీకు ఒక అవ్వ సంగతి చెబుతాను. ఊరు, పేరు చెప్పను. కల్వకుర్తి వైపు మనిషి. జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆర్థో వార్డులో చేర్చారు. ఆపరేషనుకు రక్త పరీక్షలు, గుండె పరీక్ష అన్నీ అయ్యాయి. కేస్ షీట్‌లో అలవాట్లు అన్నచోట "ఏమీ లేవు" అని ఉంది. ఎవరు రాశారో గాని, అడగకుండా రాశారు. ఆడమనిషి, డెబ్బై దాటింది, ఏం అలవాట్లు ఉంటాయి, అనుకున్నారు. రెండు రోజులకు అవ్వకు నిద్ర పట్టడం లేదు. గోడ మీద ఎవరో ఉన్నారంటుంది. పెద్ద వయసు, కొత్త చోటు, నొప్పి, అందుకే అలా మాట్లాడుతోందని అనుకున్నారు. ఆ అనుకోవడంలో పూర్తిగా తప్పేమీ లేదు, ముసలివాళ్ళకు ఆసుపత్రిలో అలా అవుతుంది కూడా.

అక్కడ పోస్టింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని, ఫైనల్ ఇయర్ కూడా కాదు, ఆ అవ్వకు గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. అవ్వ రెండు చేతులతో పట్టుకున్నా నీళ్ళు ఒలికి చీర మీద పడ్డాయి. చేతులు అంతగా వణుకుతున్నాయి. ఈ పిల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. "అవ్వా, కల్లు తాగే అలవాటు ఉందా?" అని అడిగింది. అవ్వ ఏమీ దాచలేదు. "పొద్దూకితే ఒక సీసా, బిడ్డా. అది లేకుంటే నాకు నిద్ర రాదు" అంది. ఎన్నేళ్ళ నుంచి? పెళ్ళయినప్పటి నుంచి.

మన దక్షిణ తెలంగాణలో ఉన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పాలా? చెట్టు మీది నుంచి దించిన కల్లు వేరు. కొన్ని దుకాణాల్లో అమ్మేది వేరు. అందులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. రోజూ తాగిన మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. ప్రాణం మీదికి వస్తుంది. కల్తీ కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడల్లా పాలమూరులో ఆసుపత్రుల మంచాలు ఇలాంటివాళ్ళతోనే నిండాయి. ఆ పిల్ల పరుగెత్తి పీజీకి, అంటే అక్కడ పై చదువు చదువుతున్న డాక్టరుకు చెప్పింది. పీజీ మెడిసిన్ వాళ్ళను పిలిచాడు. కల్లులో కలిపే మత్తుమందుల తరగతిదే ఒక మందు తగిన మోతాదులో మొదలుపెట్టి మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. ఆపరేషను కొన్ని రోజులు వాయిదా పడింది. తర్వాత అయింది.

ఇప్పుడు చెప్పండి. ఆ నిర్ణయం ఎవరిది? మోతాదు రాసింది మా వాళ్ళు. ఆ మోతాదు రాయాలని తెలిసింది మాత్రం స్టూలు మీద కూర్చున్న పిల్ల వల్ల. ఆమె చేసిన ఇంకొక పని నాకు ఇంకా నచ్చింది. "ఏమీ లేవు" అన్న పాత రాతను కొట్టేయకుండా, దాని కింద తేదీ, సమయం వేసి కొత్త సంగతి రాసింది. తర్వాత వచ్చిన ప్రతి డ్యూటీ డాక్టరుకూ అది కనబడింది. మాటతో చెప్పి వదిలేస్తే షిఫ్టు మారగానే ఆ సంగతి వార్డులోంచి వెళ్ళిపోతుంది.

ఇంకొకటి. తండాల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ ఉన్నారు. మీ ఇంటి భాష వచ్చిన రోగి ఉంటే, వాళ్ళతో మీ భాషలోనే మాట్లాడండి. బిడియపడకండి. తెలుగులో "కడుపునొప్పి" అని ఒక్క మాట చెప్పిన ఆమె, మీతో తన భాషలో పూర్తి కథ చెబుతుంది. అది మీ ప్రొఫెసరుకు కూడా చేతకాని పని.

హౌస్ సర్జన్ల దగ్గరికి వస్తున్నాను. మీ సంగతి వేరు. మీ చేతికి సిరంజి వచ్చింది.

పత్తి పండే జిల్లాలు మనవి. క్యాజువాలిటీలో రాత్రి పూట పురుగుల మందు తాగిన మనిషిని మీరు చూడకుండా ఈ ఏడాది గడవదు. చూస్తారు. ఆ రాత్రి ఎలా ఉంటుందో చెబుతాను, కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా మాట అంతా ఇక్కడే ఉంది.

ఆర్గానోఫాస్ఫేట్ కేసు, అంటే ఆ రకం పురుగుల మందు తాగిన మనిషి. నోటి నుంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత. ఛాతీ మీద స్టెత్ పెడితే గరగరమంటూ నీటి శబ్దం. బట్టలు తీసేయించి సబ్బుతో కడిగించారు. విరుగుడు మందు అట్రోపిన్ మొదలు. ఒక ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు. మొదట మూడు ఆంప్యూళ్ళు ఇచ్చారనుకోండి. ఐదు నిమిషాలు ఆగి చూడాలి. తగ్గలేదా, రెట్టింపు, ఆరు. మళ్ళీ ఐదు నిమిషాలు. తగ్గలేదా, పన్నెండు. ఈ ఐదేసి నిమిషాలు మీరు ఎక్కడ ఉండాలి? మంచం పక్కనే ఉండాలి. ఏం చూడాలి? ఊపిరితిత్తుల్లో శబ్దం పోయిందా, నాడి 80 దాటిందా, పై బీపీ 80 దాటిందా, చంకలో చెయ్యి పెడితే పొడిగా ఉందా. కంటిపాపలు పెద్దవయ్యాయని చూసి ఆపేయకండి, అది నమ్మదగిన గుర్తు కాదు. చెవితో వినండి.

అక్కడితో అయిపోయిందా? డ్రిప్‌లో అట్రోపిన్ నడుస్తోంది. గంట తర్వాత వెళ్ళి చూడకపోతే? మందు ఎక్కువై జ్వరం వస్తుంది, మనిషి తికమకగా మాట్లాడతాడు, దుప్పటి పీకుతుంటాడు, పేగుల శబ్దం ఆగిపోతుంది. తక్కువైతే మళ్ళీ ఛాతీలో నీరు. రెండు వైపులా ప్రమాదమే. మోతాదు పుస్తకంలో దొరుకుతుంది, ఈ మనిషికి ఈ గంటలో ఎంత కావాలన్నది మంచం దగ్గరే దొరుకుతుంది.

ఇప్పుడు రెండో రోజు, మూడో రోజు. మనిషి తేరుకున్నాడు. మాట్లాడుతున్నాడు. చొంగ లేదు. ఇంటివాళ్ళు అడుగుతున్నారు, "మేడమ్, బాగయ్యాడు కదా, ఇంటికి తీసుకుపోతాం." పత్తి ఏరే రోజులు, ఇంట్లో ఇంకెవరూ లేరు, ఆసుపత్రి వరండాలో తిండి లేదు. వాళ్ళ తొందర న్యాయమైనదే. రౌండ్స్‌లో అందరూ తృప్తిగా ఉన్నారు. అప్పుడు మీరు ఒక పని చేయాలి. "అన్నా, దిండు మీద నుంచి తల ఒకసారి పైకి ఎత్తు." అంతే. ఎత్తాడా? ఎత్తి కాసేపు నిలిపాడా? తల లేవకపోతే, మెడ వాలిపోతుంటే, అది మొదటి హెచ్చరిక. విషం తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కండరాలు సడలే దశ ఒకటి వస్తుంది. ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని మీరు చదివారు. మెడతో మొదలై ఊపిరి తీసే కండరాల దాకా పోతుంది. ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించండి. పొద్దున ఇరవై దాకా వచ్చినవాడు మధ్యాహ్నం పదికే ఆగిపోతే, మీరు పరుగెత్తాలి. వెంటిలేటరు సిద్ధంగా ఉంటే ఆ మనిషి బతుకుతాడు. చూసేవాళ్ళు లేకపోతే అదే రాత్రి, డిశ్చార్జి కాగితం జేబులో పెట్టుకుని, ఊరికి పోయే ఆటోలో ఊపిరి ఆగిపోతుంది.

తల ఎత్తమనడానికి ఏ పరికరమూ అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. ఆ మంచం దగ్గరికి పొద్దునా సాయంత్రమూ వెళ్ళే మనిషి కావాలి. ఆ మనిషి ఎవరు? ప్రొఫెసరు రోజుకు ఒకసారి వస్తారు. మిగతా వేళల్లో ఆ మనిషి మీరే.

ఇదే సందర్భంలో ఇంకో మాట. పురుగుల మందు తాగిన మనిషితో క్యాజువాలిటీలో కటువుగా మాట్లాడటం నేను విన్నాను. పెళ్ళాం పిల్లలు గుర్తు రాలేదా, అని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏం చెబుతోంది? ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, వైద్యం, సంరక్షణ అందించాలి. మీకు చట్టం చెప్పాల్సిన పని కూడా ఉండకూడదు. ఆ ఇంటికి అప్పు ఎంత ఉందో, బోర్లు ఎన్ని ఎండిపోయాయో మీకు తెలుసు. ఒళ్ళు కోలుకున్నాక మానసిక వైద్యుల దగ్గరికి పంపకుండా డిశ్చార్జి రాయకండి. మానసిక సహాయానికి ఫోను చేసే టెలి మానస్ నంబరు 14416 ఆ కాగితం మీద రాయండి, పక్కన ఉన్న భార్యకో తమ్ముడికో ఫోనులో ఎక్కించి ఇవ్వండి. ఎక్కించి ఇవ్వండి అంటున్నాను, చెప్పి వదిలేయకండి.

ఇవ్వకపోవడం గురించి చెప్పాలి. మందు ఇవ్వకపోవడం కూడా నిర్ణయమే, అది ఇంకా కష్టమైనది.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు. ఈ పేర్లు నేను చెప్పగానే మీకు ఏ జబ్బు గుర్తొచ్చిందో నాకు తెలుసు. ఫ్లోరోసిస్, నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకలను బిగించే జబ్బు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. దశాబ్దాల పాటు అంతకంటే ఎక్కువ ఉన్న నీళ్ళు తాగిన మనుషులు ఇక్కడ ఉన్నారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధనా సంస్థ మన ఊరి పేరే పెట్టింది. నల్లగొండ టెక్నిక్ అని ఇతర దేశాల పుస్తకాల్లోనూ ఉంటుంది. ఇప్పుడు కృష్ణా నీళ్ళు వచ్చాయి. కొత్త తరం పిల్లల ఎముకలు బాగుంటాయి. మరి యాభై అరవై ఏళ్ళ మనుషుల వెన్నుపూసలు? అవి బిగుసుకుపోయే ఉన్నాయి. నీళ్ళు మారినంత మాత్రాన అవి వదులుకావు.

ఆ పెద్దమనిషి ఓపీకి వస్తాడు. మెడ తిప్పలేడు, మొత్తం ఒళ్ళు తిప్పి మీవైపు చూస్తాడు. ఒకటే అడుగుతాడు, "ఒక సూది వెయ్యి బిడ్డా, నాలుగు రోజులు గడుస్తాయి." ఊళ్ళో ఏళ్ళ తరబడి ఆ సూదే వేయించుకున్నాడు. మీరు ఆ నొప్పి సూది, డైక్లోఫెనాక్, వేస్తే అర నిమిషం పని. మనిషి దండం పెట్టి పోతాడు. ఓపీ లైను కదులుతుంది. వేయకపోతే కసురుకుంటాడు. పక్కవాళ్ళు అంటారు, ఈ చిన్న డాక్టరుకు ఏమీ రాదు అని.

మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చూశారా? 2.4 ఉందనుకోండి, అంటే అవి ఇప్పటికే సరిగ్గా పనిచేయడం లేదు. ఆ సూది మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తుంది. ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోయేది ఎక్కువగా ఆ మూత్రపిండాల ద్వారానే. అవి దెబ్బతింటే ఫ్లోరైడ్ ఇంకా నిలుస్తుంది. అంటే నొప్పి కోసం వేసే సూది, నొప్పికి మూలమైనదాన్ని ఒంట్లో నిలబెడుతుంది. ఇది ఆయనకు ఎవరైనా చెప్పారా? చెప్పే ఓపిక మీకు ఉందా? పారాసిటమాల్, కాపడం, ఫిజియోథెరపీ వీటితో సూది వేసినంత హాయి రాదు. రాదని ఒప్పుకుంటూనే చెప్పాలి. పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు కూర్చుంటేనే ఇంకొకటి బయటపడుతుంది. "కాళ్ళు కూడా ఈ మధ్య బిగుసుకుపోతున్నాయి, చెప్పు జారిపోయినా తెలియడం లేదు" అంటాడు. అది కీళ్ళనొప్పి కాదు. మెడలో వెన్నుపాము నొక్కుకుపోతోంది. స్కానింగు కావాలి, న్యూరోసర్జన్ కావాలి. సూది వేసి పంపితే ఈ మాట ఆయన నోట్లోనే ఉండిపోయేది.

పాలమూరు పిల్లలకు ఒక చిన్న మాట. టీబీ మందు మొదలుపెట్టేటప్పుడు, పనికి ఏ ఊరు పోతారు, ఎప్పుడు పోతారు అని అడగండి. ఆరు నెలల మందు, మూడో నెలలో పుణె బస్సెక్కితే? టీబీ రోగులకు ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ నమోదు నంబరుంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ మందు ఇస్తారు. అది కాగితం మీద రాసి చేతికివ్వడం మీ పని.

ఇప్పుడు వేలిముద్ర.

ఆపరేషను ముందు అంగీకార పత్రం తీసుకునే పని హౌస్ సర్జన్ మీద వేస్తారు. ప్రతి చోటా అంతే. రాత్రి పదకొండింటికి మీరు వెళ్తారు, కాగితం చూపిస్తారు. ఆమెకు చదువు రాదు. ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, మీరే ఆమె చెయ్యి పట్టుకుని కాగితం మీద నొక్కుతారు. ఆమె వేలు, మీ చెయ్యి. ఒక్కసారి ఆలోచించండి. ఆ కాగితంలో ఏముందో ఆమెకు తెలుసా? మీకు తెలుసా?

2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పు ఇచ్చింది. ఆమెను పరీక్ష కోసం లాప్రోస్కోపీకి, అంటే చిన్న కోతలోంచి గొట్టంతో కడుపు లోపల చూడటానికి, తీసుకెళ్ళారు. మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లి దగ్గర అంగీకారం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయమేమీ లేదు, ఆమె తెలివి వచ్చాక అడగవచ్చు. అలాంటప్పుడు వేరొకరి అంగీకారం చెల్లదని కోర్టు చెప్పింది. ఏం చేస్తారు, ఎందుకు, దాని వల్ల నష్టాలేమిటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ తెలిసి ఒప్పుకుంటేనే అది ఒప్పుకోలు.

మన దగ్గర భర్తను అడుగుతాం, అన్నను అడుగుతాం, ఊరి పెద్దమనిషిని కూడా అడుగుతాం. ఒళ్ళు ఎవరిదో ఆ మనిషిని చివరికి అడుగుతాం. మీరు మారండి. వేలిముద్రకు ముందు ఒక ప్రశ్న వేయండి: "అమ్మా, రేపు మీకు ఏం చేస్తారో మీ మాటల్లో నాకు చెప్పండి." ఆమె చెప్పలేకపోతే ముద్ర తీసుకోకండి. పీజీని పిలవండి, సర్జన్‌ను పిలవండి. ఆలస్యమైందని మిమ్మల్ని తిడతారు. తిట్టనివ్వండి.

పిలవడం గురించి చెప్పి ముగిస్తాను. ఇది పిల్లలకు కాదు. పక్కన కూర్చున్న నా సహోద్యోగులకు, పెద్ద డాక్టర్లకు. వినండి.

1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అని 18 ఏళ్ళ అమ్మాయిని జ్వరంతో, వణుకుతో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. చూసింది ఇద్దరు శిక్షణలో ఉన్న డాక్టర్లు. పెద్ద డాక్టరు ఫోనులో మాట్లాడారు, రాలేదు. అప్పటికే ఒక మందు వాడుతున్న ఆ పిల్లకు, దానితో కలవకూడని ఇంకొక మందు ఇచ్చారు. రాత్రి ఆమె కలవరం పెరిగితే కట్టేయమని చెప్పారు. కొన్ని గంటల్లో చనిపోయింది. తండ్రి పత్రికా రచయిత, వదలలేదు. 1986లో గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, డాక్టర్ల మీద నేరాభియోగం మోపలేదు. తప్పు ఎక్కడుందని చెప్పింది? నిద్ర లేకుండా పనిచేయించే పద్ధతిలో, కొత్తవాళ్ళను వాళ్ళ మానాన వదిలేసే పద్ధతిలో. 1989లో న్యూయార్క్ రాష్ట్రం వారానికి 80 గంటల పరిమితి పెట్టింది, అనుభవమున్న డాక్టరు అందుబాటులో ఉండాలని నిబంధన చేసింది. ఒక అమ్మాయి ప్రాణం పోయాక వచ్చిన నిబంధన అది.

మనం ఏం చేస్తున్నాం? రాత్రి రెండు గంటలకు హౌస్ సర్జన్ ఫోను చేస్తే మన నోటి నుంచి మొదట వచ్చే మాట ఏమిటి? "ఇది కూడా తెలియదా?" ఆ ఒక్క మాట చాలు. ఆ పిల్ల ఇంకోసారి ఫోను చేయదు. కట్లపాము కరిచిన కేసు వస్తుంది. అది కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు, తెల్లవారుజామున కడుపునొప్పి అని వస్తారు. నేల మీద పడుకున్నారా అని అడగాలి, కనురెప్పలు వాలుతున్నాయా చూడాలి. ఆ పిల్లకు అనుమానం వచ్చింది, కానీ ఖాయంగా తెలియదు. ఫోను చేద్దామా, తెల్లారేదాకా చూద్దామా? ఆ అరగంట మన కసురు మాట తింటుంది. బాధ్యత నేర్పుతున్నామని అనుకుంటూ మనం భయం నేర్పుతున్నాం. భయపడినవాళ్ళు దాస్తారు.

అందుకని సీనియర్లను నేను అడిగేది ఇది. మీ యూనిట్‌లో ఎప్పుడెప్పుడు తప్పకుండా ఫోను చేయాలో రాసి డ్యూటీ గదిలో గోడకు అంటించండి. బీపీ ఇంతకంటే పడితే, ఊపిరి ఇంతకంటే పెరిగితే, మనిషి మాట మారితే, సిస్టర్‌కు మనసులో శంక కలిగితే. ఆ చివరిది తప్పకుండా రాయండి. ఇరవై ఏళ్ళ నుంచి ఆ వార్డులో ఉన్న స్టాఫ్ నర్సు "మేడమ్, ఈయన నాకు బాగా అనిపించడం లేదు" అంటే, మీ దగ్గరున్న అంకెలన్నీ పక్కన పెట్టి లేచి వెళ్ళాలి.

హౌస్ సర్జన్లూ, మీరు ఫోనులో ఇలా చెప్పండి. మంచం నంబరు, పేరు, ఎందుకు చేరారు. ఇప్పుడు నేను చూసింది ఇది. నేను భయపడుతున్నది ఇది. ఇప్పటిదాకా చేసింది ఇది. మీరు వచ్చి చూడాలి. ఆ చివరి మాట మింగకండి. "వస్తే బాగుంటుంది సార్" అనకండి, "రావాలి" అనండి. రానంటే, ఫోను చేసిన సమయం, వచ్చిన జవాబు కేస్ షీట్‌లో రాసి, ఆ పైవారికి ఫోను చేయండి. ఫోను పెట్టేశాక డ్యూటీ గదికి పోకండి, మంచం దగ్గరికి పోండి.

నా నంబరు మా యూనిట్ పిల్లలందరి దగ్గరా ఉంది. మిగతావాళ్ళకు బయట బల్ల దగ్గర రాసి ఇస్తాను. ఇక మీ ప్రశ్నలు. ముందు తల్లిదండ్రులు అడగండి, తర్వాత పిల్లలు. ఆ మూలన ఉన్న అన్నకు మైకు ఇవ్వండి.